కాలువ చూస్తే చాలదు, పైరునూ చూడాలి

చెరువు కింద సేద్యం చేసే రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. తూము ఎత్తినంత మాత్రాన, కాలువలో నీరు కనిపించినంత మాత్రాన కడపటి కయ్య తడిసినట్లు కాదు. నడుమ ఎక్కడో పూడిక ఉండవచ్చు, పిల్లకాలువకు అడ్డు పడి ఉండవచ్చు. అందుకే పని తెలిసిన నీరుగంటి కాలువ గట్టున నిలబడి ఊరుకోడు. చివరి కయ్య దాకా నడిచి, పైరు పచ్చగా ఉన్నదా, వాడిపోయిందా అని కళ్ళారా చూసి వస్తాడు.

గుండె విషయంలో వైద్యులు చేసే ఒక పరీక్ష సరిగ్గా ఇటువంటిదే. గుండె కండరంలో ఏ మూలకు నెత్తురు అందుతున్నది, ఏ మూలకు అందటం లేదు అనే సంగతిని బొమ్మ తీసి చూపే పరీక్ష ఇది. ఆసుపత్రులలో దీనిని థాలియం స్కాన్ అనీ, పర్‌ఫ్యూజన్ స్కాన్ అనీ అంటారు. చాలాచోట్ల ఇప్పుడు థాలియానికి బదులు టెక్నీషియం అనే పదార్థం వాడుతున్నప్పటికీ పాత పేరు జనం నోట నిలిచిపోయింది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి ఈ వైద్యం అందరాని దూరంలో లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పగా 1993లో పని ప్రారంభించి, 1995లో విశ్వవిద్యాలయ హోదా పొందిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అంటే జనం నోట స్విమ్స్, తిరుపతిలోనే ఉన్నది. అందులో గుండె వైద్య విభాగంతోపాటు అణు వైద్య విభాగం కూడా ఉన్నది. చిత్తూరు, పలమనేరు ప్రాంతాల వారికి తరతరాలుగా అలవాటైన రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి పొరుగునే ఉన్నది. అయినా ఊళ్ళలో ఈ పరీక్ష గురించి తెలిసినవారు తక్కువ. తెలిసీ తెలియక భయపడేవారు ఎక్కువ. డాక్టరు చీటీ రాసి ఇస్తే, అందులో ‘అణు’ అనే మాట విని ఆ చీటీని చూరులో దోపి ఊరుకునేవారు కూడా లేకపోలేదు. భయానికి మందు తెలుసుకోవటమే.

గుండె ఒంటికంతటికీ నెత్తురు తోడిపోసే మోటారు. ఆ మోటారుకు కూడా నెత్తురు కావాలి. అది గుండె పైభాగాన అల్లుకున్న మూడు ప్రధాన రక్తనాళాల ద్వారా అందుతుంది. వయసు, పొగ తాగటం, చక్కెర జబ్బు, రక్తపు పోటు, నెత్తుటిలో పెరిగిన కొవ్వు వంటి కారణాల వలన ఆ నాళాల లోపలి గోడలకు కొవ్వు పేరుకుంటుంది. కాలువ సగం పూడినా, పని లేని వేళ మనిషికి తేడా తెలియదు. కూర్చుని ఉన్న గుండెకు ఆ కొద్దిపాటి నెత్తురే సరిపోతుంది. అదే మనిషి అలిపిరి నుంచి తిరుమలకు 3,500కు పైబడిన మెట్లు ఎక్కటం మొదలుపెడితే గుండెకు అంతకు మూడు నాలుగింతలు నెత్తురు కావలసి వస్తుంది. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఎదలో బరువు, దవడలోనో ఎడమ చేతిలోనో లాగుడు, ఆయాసం మొదలవుతాయి. కాసేపు కూర్చుంటే తగ్గిపోతాయి. తగ్గిపోయింది కదా అని మరచిపోవటమే చాలామంది చేసే పొరపాటు.

ఈ లోపం పని వేళలోనే బయటపడుతుంది కాబట్టి, పరీక్ష కూడా గుండెకు పని చెప్పి చూడవలసిందే. అందువల్ల బొమ్మ రెండుసార్లు తీస్తారు. ఒకసారి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఒకసారి శ్రమపడినప్పుడు. శ్రమ కోసం రోగిని కదిలే పట్టీ మీద నడిపిస్తారు. కీళ్ళ నొప్పుల ముసలివారినీ, నడవలేనివారినీ బలవంతం చేయరు. వారికి గుండె నాళాలను విప్పారజేసే మందునో, గుండె వేగం పెంచే మందునో నరానికి ఎక్కిస్తారు. గుండె బాగా శ్రమపడుతున్న సమయంలో అతి కొద్ది మోతాదు రేడియోధార్మిక మందును చేతి నరానికి ఎక్కిస్తారు. నెత్తురు ఎటు పారితే ఆ మందు అటు పారి, గుండె కండరంలో ఇంకి నిలుస్తుంది. నెత్తురు బాగా అందిన చోట ఎక్కువ, అందని చోట తక్కువ. ఆ తరువాత ముప్పావు గంటో గంటో ఆగి, గామా కెమెరా అనే యంత్రం కింద పడుకోబెడతారు. ఆ యంత్రం మనిషి మీదికి ఏ కిరణమూ వదలదు. మనిషి లోపలి నుంచి వచ్చే కిరణాలను పట్టి బొమ్మ గీస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు చేతులు తలపైకి పెట్టుకుని కదలకుండా పడుకోవటమే రోగి చేయవలసిన పని.

బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కథ తెలిసిపోతుంది. రెండింటిలోనూ గుండె అంతా సమంగా వెలుగుతూ ఉంటే నెత్తురు సరిగా అందుతున్నదని సాధారణంగా అర్థం. శ్రమ వేళ ఒక చోట వెలుగు తగ్గి, విశ్రాంతి వేళ అదే చోట వెలుగు నిండితే, అక్కడి కండరం బతికే ఉన్నది గాని పని వేళ దానికి నెత్తురు చాలటం లేదని అర్థం. రెండు బొమ్మలలోనూ ఒకే చోట చీకటిగా ఉంటే, అక్కడ ఎప్పుడో గుండెపోటు వచ్చి కండరం మచ్చ కట్టిందని అర్థం. రోగికి తెలియకుండానే వచ్చి పోయిన పోటు కూడా ఇలా బయటపడవచ్చు. చక్కెర జబ్బు ఉన్నవారిలో నొప్పి తెలియకుండా పోటు రావటం అరుదేమీ కాదు.

మరి ఆంజియోగ్రాం ఉన్నది కదా, ఇదెందుకు అని అడిగేవారున్నారు. ఆంజియోగ్రాం కాలువను చూపిస్తుంది. ఎక్కడ పూడిందో, ఎంత పూడిందో చెబుతుంది. ఈ పరీక్ష పైరును చూపిస్తుంది. పూడిక ఉన్నా పక్క కాలువల నుంచి ఊట చేరి పైరు పచ్చగా ఉన్న సందర్భాలుంటాయి. పెద్ద కాలువ శుభ్రంగా కనిపించినా, సన్నని పిల్లకాలువలు దెబ్బతిని పైరు వాడిన సందర్భాలూ ఉంటాయి. స్టెంటు వేయాలా, బైపాస్ ఆపరేషన్ చేయాలా, మందులతో సరిపెట్టవచ్చునా అనే నిర్ణయానికి రెండు సంగతులూ అవసరమైన రోగులు కొందరుంటారు. ముఖ్యంగా కండరం మచ్చ కట్టిపోయిన చోట వేలకు వేలు పోసి కాలువ పూడిక తీస్తే ఎండిపోయిన పైరు లేచి నిలబడదు.

ఇక్కడ ఇంకొక నిజాన్ని కూడా గ్రామీణులు తెలుసుకోవాలి. మన దేశంతో సహా 37 దేశాలలో 5,179 మంది రోగులతో జరిపి, 2020లో ఫలితాలు ప్రచురించిన ఒక పెద్ద పరిశోధన ఉన్నది. నిలకడగా ఉన్న గుండె జబ్బుతో, పరీక్షలలో నెత్తురు చాలటం లేదని గట్టిగానే తేలినవారిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు మందులతోపాటు ముందుగానే ఆంజియోగ్రాం చేసి, అవసరమైతే స్టెంటో బైపాసో చేశారు. రెండవ జట్టుకు మందులతో మొదలుపెట్టి, అవి చాలనప్పుడే మిగతావి చేశారు. మూడేళ్ళకు పైగా గమనించగా గుండెపోట్లలోను, మరణాలలోను రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. తరచు నొప్పి వచ్చేవారికి మాత్రం స్టెంటు, బైపాసుల వలన నొప్పి ఎక్కువగా తగ్గింది. ఎడమవైపు మూల నాళంలో పూడిక ఉన్నవారు, గుండె బాగా బలహీనపడినవారు, అప్పుడే పోటు వచ్చినవారు ఆ లెక్కలోకి రారు. కనుక స్కాన్‌లో మచ్చ కనిపించగానే పొలం తాకట్టు పెట్టి పరుగెత్తనక్కర లేదు. అలాగని మందులు మానివేసి నిర్లక్ష్యం చేయనూ కూడదు. ‘మందులతో సరిపోతుందా, అంతకు మించి అవసరమా’ అని వైద్యుని అడిగే హక్కు ప్రతి రోగికీ ఉన్నది. అడిగినవారికి విడమరచి చెప్పటం వైద్యుని ధర్మం.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. ఇది ఒక చోటును మరొక చోటుతో పోల్చి చూపేది. మూడు కాలువలూ సమంగా పూడి కయ్యలన్నీ ఒకే తీరున వాడి ఉంటే, తేడా కంటికి ఆనక బొమ్మ మామూలుగానే ఉన్నట్లు అనిపించవచ్చు. ఒళ్ళు లావుగా ఉన్నవారిలో నీడలు పడి లేని లోపం ఉన్నట్లు కనిపించవచ్చు. అందువల్ల వైద్యుడు బొమ్మ ఒక్కటే చూసి తీర్పు చెప్పడు. రోగి చెప్పిన బాధ, ఈసీజీ, నడిపించినప్పుడు కనిపించిన మార్పులు అన్నీ కలిపి చూస్తాడు. ఏ బాధా లేనివారు ఊరికే చూసుకుందామని చేయించుకునే పరీక్ష కూడా కాదు ఇది.

ఇక భయం సంగతి. అణువు అనగానే 1945 నాటి హిరోషిమా, 1986 నాటి చెర్నోబిల్ గుర్తుకు రావటం సహజమే. కాని నిప్పు ఇంటినీ కాలుస్తుంది, పొయ్యి మీద సంగటినీ ఉడికిస్తుంది. 1920లలోనే అమెరికాలోని బోస్టన్ నగరంలో వైద్యులు రోగి ఒక చేతికి కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి, అది రెండవ చేతికి చేరటానికి పట్టే సెకన్లు లెక్కబెట్టి నెత్తుటి వేగం కొలిచారు. టెక్నీషియాన్ని 1937లో ఇటలీలో కనుగొన్నారు. గామా కెమెరా 1950ల చివర అమెరికాలో తయారైంది. 1970ల నడుమ నుంచి థాలియంతో గుండె బొమ్మలు తీయటం వాడుకలోకి వచ్చింది. మన దేశంలో అణుశక్తి శాఖ ఆధ్వర్యాన బొంబాయిలో రేడియేషన్ వైద్య కేంద్రం 1963లో ఏర్పడింది. ఆసుపత్రులలో ఈ పదార్థాల వాడకంపై నిఘాకు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఉన్నది. దాని అనుమతి లేనిదే ఏ ఆసుపత్రీ ఈ పరీక్ష చేయరాదు.

టెక్నీషియం బలం ప్రతి 6 గంటలకూ సగమవుతుంది. ఈ ఉదయం 16 పాళ్ళు ఉంటే రేపు ఉదయానికి మిగిలేది 1 పాలు. అందులోనూ కొంత మూత్రం ద్వారా బయటికి పోతుంది. పరీక్ష మొత్తం మీద ఒంటికి తగిలే కిరణాల మోతాదు, నేల నుంచీ ఆకాశం నుంచీ ప్రతి మనిషికీ మూడు నాలుగేళ్ళలో సహజంగా తగిలేదానికి సుమారు సమానం. అది సున్నా కాదు. కనుకనే అవసరం లేనిదే చేయించుకోకూడదు. అవసరమైనప్పుడు భయపడి మానుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. పరీక్ష అయిన రోజున నీళ్ళు బాగా తాగి తరచు మూత్రానికి వెళ్ళాలి. ఆ ఒక్క రోజు చంటి పిల్లలను ఎక్కువసేపు ఒడిలో పెట్టుకోకుండా ఉండటం మంచిది.

ఈ మందు ఎలా వస్తుందో తెలిస్తే పాడి రైతులు ముచ్చటపడతారు. అణు రియాక్టర్లలో తయారైన మాలిబ్డినం అనే పదార్థాన్ని సీసపు కవచంలో పెట్టి ఆసుపత్రికి పంపుతారు. దాని నుంచి టెక్నీషియం పుడుతూ ఉంటుంది. సిబ్బంది దానిని రోజూ పిండుకుంటారు. అందుకే శాస్త్రవేత్తలు ఆ పెట్టెకు ‘ఆవు’ అనే ముద్దు పేరు పెట్టారు. పుంగనూరు ఆవు ఏళ్ళ తరబడి పాలిస్తుంది గాని ఈ ఆవు బలం 66 గంటలకొకసారి సగమవుతుంది. వారం పది రోజులలో వట్టిపోతుంది. మళ్ళీ కొత్తది రావాలి. 2009 మే నుంచి 2010 ఆగస్టు వరకు కెనడాలో ఒక పాత రియాక్టర్ మూతపడినప్పుడు ప్రపంచంలో ఎన్నో ఆసుపత్రులలో ఈ పరీక్షలు వాయిదా పడ్డాయి. ఈ మందును కొని అటకమీద దాచుకోవటానికి వీలులేదు. ఇచ్చిన తేదీకి రోగి రాకపోతే అతని కోసం సిద్ధం చేసిన మోతాదు కొద్ది గంటలలో పనికిరాకుండా పోతుంది. వరుసలో ఉన్న మరొకరికి అందవలసినది వృథా అవుతుంది.

దీనికన్నా విచారకరమైన వృథా మరొకటి ఉన్నది. అది ఒక గ్లాసు టీ వలన జరిగేది. టీ, కాఫీలలోని కెఫీన్ గుండె నాళాలను విప్పారజేసే మందును పని చేయనివ్వదు. కనుక పరీక్షకు ముందు ఒక పగలు, ఒక రాత్రి టీ, కాఫీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు ముట్టకూడదు. కెఫీన్ కలిసిన తలనొప్పి మాత్రలు కూడా కొన్ని ఉంటాయి. కుప్పం దగ్గరి పల్లె నుంచి నూట యాభై కిలోమీటర్లకు పైబడి ప్రయాణం చేసి తిరుపతికి వచ్చే మనిషి రాత్రంతా నిద్ర లేక, తెల్లవారుజామున బస్టాండులో ఒక గ్లాసు టీ తాగటం సహజం. ఆ ఒక్క గ్లాసుతో పరీక్ష ఆగిపోతుంది. రోగి కూలీ పోతుంది, తోడు వచ్చిన కొడుకు కూలీ పోతుంది, బస్సు చార్జీలు పోతాయి, మరొక తేదీకి వారాలు పట్టవచ్చు. తప్పు రోగిది కాదు. అర్థమయ్యేలా ముందుగా చెప్పని పద్ధతిది.

చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. పరీక్షకు నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. చక్కెర జబ్బు ఉన్నవారు పరగడుపున మాత్ర, ఇన్సులిన్ సంగతి ఏమి చేయాలో ముందే అడిగి తెలుసుకోవాలి. గుండె వేగం తగ్గించే మాత్రలు కొన్నింటిని ఆపవలసి రావచ్చు. కాని వైద్యుడు చెప్పనిదే ఏ మాత్రనూ సొంతంగా ఆపకూడదు. ఉబ్బసం ఉన్నవారు ఆ మాట తప్పక చెప్పాలి. ఎక్కించే మందు కొందరికి పడదు. వదులు బట్టలు, నడవటానికి వీలైన చెప్పులు వేసుకుని రావాలి. పాత ఈసీజీలు, మందుల చీటీలు, ఆంజియోగ్రాం కాగితాలు ఉంటే సంచిలో పెట్టుకుని రావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. ఇది తీరిగ్గా చేసే పరీక్ష. ఉన్నట్టుండి ఎదలో బండరాయి పెట్టినట్లు నొప్పి వచ్చి, చెమటలు పట్టి, కూర్చున్నా తగ్గకపోతే అది స్కాన్ కోసం తేదీ రాయించుకునే సమయం కాదు. అప్పుడు 108కు ఫోను చేసి, ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి వెంటనే పోవాలి. ఊళ్ళలో ఈ నొప్పిని ‘గ్యాస్’ అని సోడా తాగి, వాము నమిలి, తెల్లవారేదాకా ఆగటం వలన పోతున్న ప్రాణాలు ఎన్నో. ఆడవారిలోను, చక్కెర జబ్బు ఉన్నవారిలోను నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే ఉండవచ్చు. గుండె కండరానికి నెత్తురు ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే.

ప్రభుత్వమూ, ఆసుపత్రులూ చేయవలసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పరీక్ష రాసినప్పుడే పై జాగ్రత్తలన్నీ తేట తెలుగులో అచ్చువేసిన ఒక చీటీ రోగి చేతికి ఇవ్వాలి. చదువు రానివారికి చదివి వినిపించాలి. సరిహద్దు మండలాలలో తమిళం, కన్నడం మాత్రమే చదవగలిగినవారికి ఆ భాషలలో ఇవ్వాలి. పరీక్షకు ముందు రోజు ఫోను చేసి టీ, కాఫీల మాట గుర్తు చేయాలి. దూరం నుంచి వచ్చేవారికి విశ్రాంతి బొమ్మ, శ్రమ బొమ్మ రెండూ వీలైనంత వరకు ఒకే రోజున ముగిసేలా తేదీలు ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు రోగిని పంపేటప్పుడు ఈసీజీ, మందుల వివరం జతచేయాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ వైద్య పథకం కింద ఈ పరీక్ష ఖర్చు ఎవరికి, ఏ సందర్భంలో వర్తిస్తుందో ఆసుపత్రి గోడ మీద స్పష్టంగా రాసి పెట్టాలి. రోగి కౌంటరు కౌంటరుకూ తిరిగి తెలుసుకోవలసిన గతి పట్టకూడదు.

గ్రామీణుల బాధ్యతా ఉన్నది. నలభై ఏళ్ళు దాటినవారు ఏడాదికొకసారైనా రక్తపు పోటు, చక్కెర చూపించుకోవాలి. బీడీ మానాలి. కొండ ఎక్కేటప్పుడో, నాగలి పట్టినప్పుడో, నీళ్ళ బిందె ఎత్తినప్పుడో ఎదలో పట్టేసి, ఆగితే తగ్గే నొప్పిని వయసు మీద నెట్టివేయక డాక్టరుకు చెప్పాలి. పరీక్ష రాస్తే దేనికి రాశారో, దాని ఫలితాన్ని బట్టి ఏమి మారుతుందో అడగాలి. ఫలితం కాగితాన్ని పొలం పట్టా పాసుపుస్తకమంత భద్రంగా దాచుకోవాలి.

ఈ సీమలో చెరువులు తవ్వించినవారు నీటి విలువ తెలిసినవారు. వానలు లేని ఏళ్ళలో ఉన్న నీటిని కడపటి కయ్య దాకా చేర్చటమే ఇక్కడి సేద్యంలోని నేర్పు. కొండ కింద పట్నంలో ఉన్న వైద్యం కడపటి పల్లె దాకా చేరినదా లేదా అన్నదే ఇప్పుడు చూడవలసినది. పట్నంలో యంత్రం ఉన్నదని సంతోషించి ఊరుకుంటే, కాలువ గట్టున నిలబడి పైరు పండిందనుకున్నట్లే అవుతుంది.